బల్ల మీద పట్టని ప్రాజెక్టు

మెరకవాడకు ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఊళ్ళో మెరక అన్నది ఎక్కడా లేదు. ఉన్నవల్లా కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు, వాటి మధ్య ఎటు తిరిగినా అడ్డం వచ్చే పంట బోదెలు, అంటే పిల్లకాలువలు. ఊరి ప్రాథమిక పాఠశాల ఒక బోదెకు అవతల ఉంది. పిల్లలు ఇవతల ఉన్నారు. బడి కట్టిన కొత్తలో బోదె మీద ఒక తాటిపట్టె ఉండేది. అది పుచ్చిపోయి, ఒక వానాకాలం నీళ్ళతో పాటు వెళ్ళిపోయింది. అప్పటినుంచి పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేత పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో దిగి చదువుకోవడానికి వెళ్తున్నారు. వానలు గట్టిగా పడినప్పుడు వెళ్ళడం లేదు.

ఆ బడికి ఒకే ఒక్క టీచరు, సత్యవేణి. మంచి మనిషే గాని ఆవిడకు ఒక అలవాటు ఉంది. పైనుంచి వచ్చిన ఉత్తర్వులను చదువుతుంది. అంతటితో ఆగినా బాగుండేది, అందులో ఏది చెయ్యమని రాసి ఉంటే అది చేస్తుంది.

ఆ ఏడాది హస్తవిద్యా విభాగం అని కొత్తగా ఒక విభాగం పుట్టింది. పుట్టగానే ‘మన చేతులు - మన చేతలు’ అనే కార్యక్రమం ప్రకటించింది. ‘ప్రతి ప్రాథమిక పాఠశాల విద్యార్థులు తమ పరిసరాలలోని ఒక సమస్యను గుర్తించి, పరిష్కారమునకు రూపకల్పన గావించి, సదరు పరిష్కారమును స్వహస్తములతో నిర్మించవలెను’ అని ఉత్తర్వు వచ్చింది.

చుట్టుపక్కల బళ్ళవాళ్ళు ఈ ఉత్తర్వు అందగానే పట్నంలో ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి థర్మాకోల్ అగ్నిపర్వతాలు కొనుక్కొచ్చారు. వంటసోడా, ఎర్రరంగు పోసి నిమ్మకాయ పిండితే ఎర్రటి నురగ కక్కుతాయి. మండలంలో చాలా బళ్ళకు పరిసరాలలోని సమస్య అగ్నిపర్వతమేనని అలా తేలింది. కోనసీమలో అగ్నిపర్వతం ఏమిటని ఎవరూ అడగలేదు.

సత్యవేణి మాత్రం పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టి, "మన చుట్టూ ఉన్న సమస్యేంటర్రా?" అని అడిగింది.

పిల్లలు ఆలోచించలేదు. "బోదండీ!" అన్నారు.

"ఇంకేం లేవా?"

"చాలా ఉన్నాయండి. ముందు బోదండి," అంది నాగసత్య.

నాగసత్య నాలుగో తరగతి. వాళ్ళ తమ్ముడు చంటిగాడు ఒకటో తరగతి. వాణ్ణి రోజూ చంకనెత్తుకుని బోదె దాటించేది ఆ పిల్లే. క్రితం నెల మధ్యలో కాలు జారి ఇద్దరూ మునిగారు. చంటిగాడికి జ్వరం వచ్చి తగ్గింది గాని, బోదె చూస్తే ఏడుపు మాత్రం తగ్గలేదు. బడికి రానని గుమ్మం పట్టుకుని వేలాడుతున్నాడు. అందుచేత ఆ పిల్లకు సమస్యను గుర్తించడం పెద్ద కష్టం కాలేదు.

మొదట చీపురుపుల్లలు, దారం తెచ్చుకుని చిన్న వంతెనలు కట్టారు. చతురస్రాలుగా కట్టినవాటి మీద ఇటుక పెడితే పక్కకు ఒరిగి పడుకున్నాయి. నాగసత్య ఒకదాని మూలనుంచి మూలకు అడ్డంగా ఇంకో పుల్ల కట్టి చూసింది. ఇటుక నిలబడింది. రెండో ఇటుక పెట్టింది. అదీ నిలబడింది. "అడ్డపుల్ల పెడితే కదలటం లేదండి!" అని అరిచింది. సత్యవేణి నల్లబల్ల మీద త్రిభుజం గీసి, అది ఎందుకు కదలదో చెప్పింది. ఆ బళ్ళో త్రిభుజం పాఠం ఒక్కసారి చెబితే అందరికీ అర్థమైపోవడం అదే మొదలు.

తరువాత అసలు వంతెనకు దిగారు. తల్లిదండ్రులు వెదురు బొంగులు, కొబ్బరిపీచు తాళ్ళు ఇచ్చారు. ఒడ్డున సరుగుడు గుంజలు పాతడం ఒక్కటీ పెద్దవాళ్ళు చేశారు. మిగతాది పిల్లలు కొలిచి, కోసి, కట్టారు. ముడి ఎవరు వేస్తే వాళ్ళే దానిమీద వేలాడి చూడాలని నాగసత్య నియమం పెట్టింది. ఒక ముడి ఊడితే అది కట్టిన పిల్లాడే బోదెలో పడ్డాడు. ఆ తరువాత ఏ ముడీ ఊడలేదు.

వంతెన పూర్తయ్యాక పరీక్ష పెట్టారు. ఊళ్ళో అందరికంటే బరువైన మనిషి రొయ్యల చెరువుల బుల్లబ్బాయిగారు. ఆయన్ను పిలిచి, దాటమన్నారు.

"నన్నే ఎందుకు పిలిచారే?" అన్నాడు బుల్లబ్బాయిగారు అనుమానంగా.

"పెద్దవారు కదండి," అంది నాగసత్య.

ఆయన గౌరవానికి మురిసిపోయి దాటాడు. వంతెన కిర్రుమంది గాని కదలలేదు. మధ్యలో ఆగి, టీ తెప్పించుకుని తాగి, మళ్ళీ వెనక్కు వచ్చాడు. మర్నాడు చంటిగాడు అక్క వేలు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని దాటాడు. సాయంత్రం కళ్ళు తెరిచి దాటాడు. ఆ వారం బడికి రాని పిల్ల లేదు, పిల్లాడు లేడు.

అప్పుడు ఎంఈవో పద్మనాభరాజుగారు ప్రాజెక్టు తనిఖీకి వచ్చారు. చెడ్డవాడేమీ కాదు. పదవీ విరమణ దగ్గర పడింది, అంతవరకు తన సంతకం ఏ చిక్కులోనూ ఇరుక్కోకూడదని కోరుకునే మనిషి. వంతెన మీదుగా నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని, కొబ్బరిబొండం తాగి, చుట్టూ చూశారు.

"ప్రాజెక్టు ఏదమ్మా?"

"మీరు నడిచొచ్చారు కదండి, అదేనండి," అంది సత్యవేణి.

ఆయన లేచి వెళ్ళి వంతెనను చూశారు. వంగి కిందనుంచి చూశారు. చేత్తో ఊపి చూశారు. ముఖం వాడిపోయింది.

"ఎంత పని చేశావమ్మా! ఇది నిజంగా పనిచేస్తోంది."

"ఆయ్, పనిచేస్తోందండి."

"ప్రాజెక్టు అన్నాక బల్ల మీద పెట్టి ప్రదర్శించాలి. మార్గదర్శకాల్లో ఉంది. ఇది ఏ బల్ల మీద పడుతుంది?"

"పరిష్కారాన్ని నిర్మించమని రాశారు కదండి?"

"రాస్తారమ్మా. రాసినవాళ్ళు కూడా నువ్వు ఇలా చేస్తావని అనుకోరు కదా!" అని ఆయన నిట్టూర్చారు. "అగ్నిపర్వతం పెట్టుకుంటే నీకు పోయేదేముంది? పక్క ఊళ్ళో రెండు ఉన్నాయి, ఒకటి అడిగితే ఇస్తారు."

ఆయన వెళ్ళేటప్పుడు వంతెన దగ్గర కాసేపు తటపటాయించి, వేరే దారి లేక దాని మీదుగానే వెళ్ళారు. మనసులో పెట్టుకుని ఊరుకునేవారే గాని, తనిఖీ పత్రంలో బల్ల కొలతలు నింపవలసిన చోట ఏం రాయాలో తోచక పైకి రాసి అడిగారు. పైవాళ్ళు ఆ ప్రశ్నను ఎంతో ఆనందంగా స్వీకరించారు.

హస్తవిద్యా విభాగం సంచాలకులు రాజధానిలో సమావేశం పెట్టారు. సదరు నిర్మాణం ప్రాజెక్టా, వంతెనా అన్నది తేలాలి. ప్రాజెక్టయితే దానిమీద నడవకూడదు, ప్రదర్శన వస్తువులను తాకరాదన్న నిబంధన ఉంది. వంతెనయితే హస్తవిద్యకు సంబంధం లేదు, కాలువల శాఖవారిది. కాలువల శాఖవారు బోదెలోని నీళ్ళు తమవని, బోదె పైన ఉన్న గాలి విషయంలో స్పష్టత కావాలని జవాబిచ్చారు. స్పష్టత వచ్చేలోగా తనిఖీ చెయ్యడానికి కృపానందం అనే సహాయ ఇంజనీరును పంపించారు.

కృపానందం కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు. మెడలో టేపు, చేతిలో అట్ట, వెనకాల కొలతబద్ద మోస్తున్న మనిషితో వచ్చాడు. కొలతలన్నీ అయ్యాక గొంతు సవరించుకుని, "నిర్మాణ రూపకర్త ఎవరు?" అని అడిగాడు.

"నేనేనండి," అని నాగసత్య చెయ్యెత్తింది.

కృపానందం కాసేపు ఆ పిల్లను చూసి, అట్ట మీద కాగితాన్ని చూసి, కాగితం మీద అడగమన్నవే అడిగాడు.

"విద్యార్హత?"

"నాలుగో తరగతండి."

"పూర్వానుభవం?"

"మూడో తరగతండి."

"భారం మోసే సామర్థ్యాన్ని ఏ పద్ధతిలో నిర్ధారించారు?"

"బుల్లబ్బాయిగారితోనండి."

కృపానందం ఆ పేరుగల పద్ధతి ఎప్పుడు చదివాడో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించి, మానుకుని, రాసుకున్నాడు. వంతెన గట్టిగా ఉందని అతనికి తెలుసు. సత్యవేణిని పక్కకు పిలిచి ఆ మాటే చెప్పాడు. "బాగా కట్టారండీ. కానీ గట్టిగా ఉందని రాస్తే, ఏ లెక్కన గట్టిగా ఉందో నేను చెప్పాలి. గట్టిగా లేదని రాస్తే ఎవరూ ఏమీ అడగరు."

"అయితే ఏం రాస్తారండి?"

"పరిశీలనలో ఉందని రాస్తాను. దాన్నెవరూ కాదనలేరు."

వారం తిరక్కుండా వంతెనకు రెండువైపులా తాళ్ళు కట్టి బోర్డు పెట్టారు. ‘ఈ నిర్మాణము పరిశీలనలో ఉన్నది. తుది ఉత్తర్వులు వెలువడువరకు దీనిపై సంచారము నిషిద్ధము.’ ఎవరూ దాటకుండా చూడటానికి సూరన్న అనే కాపలాదారును వేశారు. సూరన్నకు రెండు ఒడ్డులూ కాపలా కాయాలని ఉత్తర్వు. అందుచేత అతను ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు, ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకు పొద్దస్తమానం వంతెన మీద నడిచేవాడు. పిల్లలు వంతెన పక్కనుంచి బోదెలో దిగి వెళ్ళేవాళ్ళు. సూరన్న దయగల మనిషి కాబట్టి పైనుంచి వంగి వాళ్ళ సంచులు అందుకుని అవతలి ఒడ్డున పెట్టేవాడు.

"నన్ను కూడా అందుకో," అన్నాడు చంటిగాడు నీళ్ళ అంచున నిలబడి.

"నీ మీద నాకు అధికారం లేదురా నాయనా. సంచులకైతే ఎవరూ ఏమీ అనలేదు," అన్నాడు సూరన్న.

చంటిగాడు వెనక్కు తిరిగి ఇంటికి పోయాడు.

అదే వారం సత్యవేణికి సంజాయిషీ నోటీసు వచ్చింది. పరిసరాలలోని సమస్యను ముందస్తు అనుమతి లేకుండా పరిష్కరించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపవలెను అని. ఆవిడ జవాబు రాయడానికి కూర్చుని, ఉత్తర్వులోని వాక్యమే మళ్ళీ ఎత్తి రాసింది. ఇంకేం రాయాలో తెలియలేదు. కొత్తగా చేరినప్పటి నుంచి ఒక్క మాట పడకుండా పనిచేసిన మనిషి. ఆ మధ్యాహ్నం పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పమని, తను కిటికీలోంచి బోదె వైపు చూస్తూ కూర్చుంది.

ఇంతలో రాజధానిలో సంచాలకులవారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. రాష్ట్రస్థాయి ప్రదర్శన దగ్గర పడింది. హాలు నిండా అగ్నిపర్వతాలే. నిరుడు వేరే విభాగంవారి ప్రదర్శనలో ముఖ్య అతిథి తెల్లచొక్కా మీద ఎర్ర నురగ పడి మాటొచ్చింది. ఇంకేదైనా ఉంటే బాగుండునని చూస్తున్నారు. ఆయన ఇలా నిర్ణయించారు: ‘మెరకవాడ నిర్మాణము వంతెన కాదు. భవిష్యత్తులో నిర్మింపదగిన వంతెన యొక్క పూర్ణ పరిమాణ నమూనా. కావున ఇది ప్రాజెక్టే. కావున ప్రదర్శనకు అర్హమైనదే.’

బల్ల సంగతి ఏమిటని ఎవరో అడిగారట. వంతెన సైజు బల్ల చేయించమన్నారట.

లారీ వచ్చింది. వచ్చినవాళ్ళు కత్తులతో తాళ్ళు తెంపబోతుంటే నాగసత్య అడ్డంపడి, ముడులన్నీ తనే విప్పించింది. విప్పిన ప్రతి బొంగు మీదా సుద్దముక్కతో గుర్తు పెట్టించింది. సత్యవేణి, నాగసత్య, ఇంకో నలుగురు పిల్లలు రైలెక్కి రాజధానికి వెళ్ళారు. వెళ్ళేది బహుమతికి కాదు, విప్పినదాన్ని మళ్ళీ కట్టడం అక్కడెవరికీ రాదు గనక.

హాలు గొప్పగా ఉంది. పెద్ద బల్ల మీద పిల్లలు వంతెనను మళ్ళీ కట్టారు. ఎత్తు ఎక్కువై కనపడటం లేదని బల్లను తీయించేశారు. వంతెన నేలమీదికి దిగింది. కింద ఏదో లోటుగా ఉందని ఒక అధికారి నీలంరంగు శాటిన్ గుడ్డ పరిపించారు. ఇంకొకరు దానిమీద రెండు ప్లాస్టిక్ బాతుల్ని పెట్టించారు. ముందు ‘తాకరాదు’ అని బోర్డు పెట్టారు.

ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని సంచాలకులవారు వచ్చారు. "ఇది, గౌరవనీయులారా, మా విభాగం గ్రామీణ బాలల హస్తములలో నిక్షిప్తమైయున్న సృజనాత్మకతను వెలికితీసిన వైనము. అవతలి ఒడ్డునుంచి ఈ నిర్మాణపు సొగసు మరింత ప్రస్ఫుటంగా గోచరిస్తుంది. దయచేయండి," అన్నారు.

వంతెనను తాకరాదు గనక, అందరూ శాటిన్ గుడ్డ మీదుగా అవతలికి నడిచారు. ముఖ్య అతిథి బాతును తొక్కకుండా పంచె కాస్త పైకెత్తి పట్టుకున్నారు. ఫొటోలు తీశారు.

"టీచరుగారూ," అంది నాగసత్య మెల్లగా. "ఆళ్ళందరూ నీళ్ళలో నడుస్తున్నారండి."

"ఊరుకోవే," అంది సత్యవేణి. కాని ఆవిడకు నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. నోటీసు వచ్చిన తరువాత ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

వంతెనకు మొదటి బహుమతి వచ్చింది. సత్యవేణికి శాలువా కప్పి, సంజాయిషీ నోటీసును రద్దు చేశారు. పిల్లలకు తలా ఒక అగ్నిపర్వతం బహూకరించారు. వంతెనను మాత్రం విభాగం ముఖద్వారం దగ్గర శాశ్వతంగా ఉంచడానికి తీసేసుకున్నారు.

సత్యవేణి తిరిగి వచ్చాక, మా బోదె మీద వంతెన లేదు, దయచేసి ఒకటి వేయించమని అర్జీ పెట్టుకుంది. జవాబు ఎన్నడూ లేనంత త్వరగా వచ్చింది. ‘సదరు పాఠశాల యొక్క సమస్య పరిష్కృతమైనదని మా విభాగపు బహుమతి పత్రము ద్వారా ధ్రువీకరింపబడియున్నది. లేని సమస్యకు నిధులు మంజూరు చేయుటకు వీలుపడదు.’

దాని వెనకాలే రాష్ట్రం మొత్తానికి ఇంకో ఉత్తర్వు వచ్చింది. మెరకవాడ స్ఫూర్తితో ప్రతి ప్రాథమిక పాఠశాలా వెదురు వంతెన నిర్మించవలెను. బోదె లేని పాఠశాలలు ఒక బోదెను ఏర్పాటు చేసుకొనవలెను. మెట్ట ప్రాంతాల బళ్ళలో ఆటస్థలాలు తవ్వారు. పట్నాలలో మేడ మీద ఉన్న బళ్ళవాళ్ళు బోదెను ఏ అంతస్తులో పెట్టాలని రాసి అడిగారు. ఒకచోట అంతవరకు తిన్నగా గేటులోంచి నడిచి వచ్చే పిల్లలు, కొత్త బోదెలో పడి కాళ్ళు బెణికించుకుని, వంతెన ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూడసాగారు. పరిసరాలలో సమస్య లేని బడి ఇక రాష్ట్రంలో ఒక్కటీ మిగల్లేదని సంచాలకులవారు సంతృప్తి వెలిబుచ్చారు.

మెరకవాడకు మాత్రం ఆ పథకం వర్తించదు. ఒకసారి బహుమతి పొందిన పాఠశాలకు రెండోసారి అవకాశం లేదు. మళ్ళీ కట్టడం అనుకరణ కిందికి వస్తుందని ప్రత్యేకంగా రాశారు.

ఈ మాట సత్యవేణి పిల్లలకు చదివి వినిపించి, కాగితం మడిచి పక్కన పెట్టింది. బయట వాన పట్టింది. ఒకటో తరగతి చాపలు సగం ఖాళీగా ఉన్నాయి.

"అయితే ప్రాజెక్టు కట్టకూడదాండీ?" అంది నాగసత్య.

"కూడదు."

"వంతెన?"

"అదీ కూడదే తల్లీ. నాకు ఇంకో నోటీసు వస్తుంది."

నాగసత్య కాసేపు కాలి బొటనవేలితో నేలమీద గీస్తూ నిలబడింది. "ఆనపపాదుకు పందిరి వేసుకోవచ్చాండీ?"

"పందిరికేం? ఎవరైనా వేసుకోవచ్చు."

"మనం బోదె ఒడ్డున వేసుకుంటే, అది గాలికి అడ్డంగా పడిపోతేనండీ?"

సత్యవేణి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఆవిడకు ఉత్తర్వులన్నీ కంఠతా వచ్చు. పడిపోయిన పందిరి గురించి ఏ ఉత్తర్వులోనూ ఒక్క ముక్క లేదు.

"పడిపోతే ఎవరేం చేస్తారే," అంది నిదానంగా. "మళ్ళీ లేవదియ్యడానికి మనకు ఓపికుండాలి కదా!"

ఆ ఆదివారం పిల్లలు పందిరి వేశారు. సరుగుడు గుంజలు ఉన్నచోటే ఉన్నాయి గనక పని సులువైంది. అడ్డపుల్లలు పెట్టారు, ముడులు వేసి వేలాడి చూశారు. బుల్లబ్బాయిగారు కబురు పెట్టకుండానే వచ్చాడు. సాయంత్రానికి పందిరి చాలా పద్ధతిగా, ఒడ్డునుంచి ఒడ్డుకు, పడిపోయింది.

కొన్నాళ్ళకు పద్మనాభరాజుగారు వచ్చారు. బోదె దగ్గర ఆగి, ఎదురుగా ఉన్నదాన్ని చాలాసేపు చూశారు. సత్యవేణి బడిలోంచి గబగబా అవతలి ఒడ్డుకు వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా ఇది?"

"ఆనపపందిరండి. పడిపోయిందండి."

"పాదేది?"

"ఇంకా మొలవలేదండి," అంది నాగసత్య టీచరు వెనకనుంచి.

ఆయన చుట్టూ చూశారు. అవతల వరండాలో ఒకటో తరగతి పిల్లలు అందరూ ఉన్నారు. చంటిగాడు పొడి కాళ్ళు బారజాపుకుని పలక మీద ఏదో గీస్తున్నాడు. పద్మనాభరాజుగారు గొడుగు ముడిచారు. పందిరి మీద కాలు పెట్టారు, రెండో కాలు పెట్టారు. మధ్యలో ఒకసారి గట్టిగా కుదిపి చూశారు. అవతలికి వచ్చి తనిఖీ పుస్తకం తీయించి, ‘పాఠశాల ఆవరణలో కూరగాయల పెంపకం సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టారు. సంతకం పెట్టేటప్పుడు ఆయన చెయ్యి ఎప్పటిలా వెనకాడలేదు.

"పందిరి గట్టిగా వేశారమ్మా. పడిపోయినా చెక్కు చెదర్లేదు," అన్నారు వెళ్తూ.

తనిఖీ పుస్తకంలో రాసిన వాక్యం పైకి వెళ్ళింది. ఉద్యానవిద్యా విభాగం అని ఇంకో కొత్త విభాగం ఉందట. మెరకవాడ బడి ఆనపకాయల దిగుబడిని స్వయంగా పరిశీలించడానికి ఒక బృందం వస్తున్నదని వారంలో తెలియజేశారు. సత్యవేణి ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి తలపట్టుకుంది.

నాగసత్య మర్నాడు గుప్పెడు విత్తనాలు తెచ్చింది. "రెండు ఒడ్డులా పెడదామండి. తీగను పక్కలకే పాకిద్దాం. నడిచేచోటికి రానియ్యొద్దు," అంది. అప్పటికే ఒకటో తరగతి పిల్లలు పందిరి మీద బారులు తీరి, కొబ్బరిచిప్పలతో బోదెలో నీళ్ళు ముంచుతున్నారు. అందరికంటే ముందు చంటిగాడు బోర్లా పడుకుని, చెయ్యి కిందికి చాపి, నీళ్ళు అందటం లేదని అరుస్తున్నాడు.